డిప్రెషన్, దాని చికిత్స: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాను. రెండుసార్లు డిప్రెషన్ వచ్చి, మందులు వాడి, థెరపీకి (మాటల చికిత్సకు) వెళ్ళి తేరుకున్న మనిషిని. ఆ సంగతి దాచుకోకపోవడంతో తెలిసినవాళ్ళూ, వాళ్ళకు తెలిసినవాళ్ళూ ఫోన్ చేసి సందేహాలు అడుగుతుంటారు. మనుషులు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి మీ డాక్టరు చెప్పాల్సినవి.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచన ఇప్పుడు గట్టిగా ఉంటే చదవడం ఆపేసి పక్కనున్న మనిషిని పిలవండి. ఎవరూ లేకపోతే మీరున్న చోటి అత్యవసర నంబరుకో, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి. ఈ పేజీ ఎక్కడికీ పోదు.

## అనుమానం వచ్చినప్పుడు

నాకున్నది డిప్రెషనా, మామూలు దిగులా? ఎలా తెలుస్తుంది?

మామూలు దిగులు అలల్లా వచ్చిపోతుంటుంది. మధ్యలో ఎవరైనా జోకేస్తే నవ్వొస్తుంది, ఆకలేస్తుంది, ఏదో ఒక రాత్రి నిద్ర పడుతుంది. డిప్రెషన్‌లో ఆ తెరిపి దొరకదు. డాక్టర్లు తొమ్మిది లక్షణాలు చూస్తారు. వాటిలో కనీసం 5, కనీసం రెండు వారాలపాటు, ఇంచుమించు రోజూ ఉండాలి. ఆ ఐదింటిలో మనసు కుంగిపోయి ఉండడమో, ఇదివరకు ఇష్టపడినవాటి మీద ఆసక్తి చచ్చిపోవడమో తప్పకుండా ఉండాలి. మిగతా ఏడు ఇవి: ఆకలి లేదా బరువు మారడం, నిద్ర తగ్గడం లేదా అతిగా పెరగడం, ఎదుటివాళ్ళకు తెలిసేంతగా మనిషి నెమ్మదించడం లేదా కుదురుగా కూర్చోలేకపోవడం, నిస్సత్తువ, దేనికీ పనికిరానన్న భావన, ఏ పని మీదా ధ్యాస నిలవకపోవడం, చావు గురించిన ఆలోచనలు. వీటివల్ల పనో, చదువో, ఇల్లో దెబ్బతింటుండాలి కూడా.

ఏడుపు ఉండి తీరాలని లేదు. మొదటిసారి నాకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. స్నానానికని ట్యాప్ తిప్పి మంచం మీద కూలబడేదాన్ని. బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్న చప్పుడు చెవిన పడుతూనే ఉండేది, లేచి కట్టేయడానికి ఒళ్ళు కదిలేది కాదు. దాన్ని మూడు నెలలు బద్ధకం అనుకున్నాను.

నాకు దిగులేం లేదు. ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, నిద్రలేమి. పరీక్షలన్నీ నార్మల్. ఇది కూడా డిప్రెషనేనా?

కావచ్చు. చాలామందిలో ఇది ముందు ఒంట్లోనే బయటపడుతుంది: నడుం నొప్పి, ఛాతీ మీద బరువు, అరగకపోవడం, ఎంత పడుకున్నా తీరని అలసట. ఒక గుర్తు ప్రత్యేకంగా చూసుకోండి. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేసి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, పొద్దున పూట మనసు మరీ అధ్వానంగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడడం. ఇది కనిపిస్తే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. రిపోర్టు నార్మల్‌గా వచ్చిందంటే మీ నొప్పి అబద్ధమని అర్థం కాదు, దాని కారణం ఆ పరీక్షలో దొరికేది కాదని అర్థం.

నాకు ఏ కష్టమూ లేదు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మరి నాకెందుకొచ్చింది?

కష్టం ఉంటేనే రావాలన్న నియమం లేదు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, ఈ జబ్బు కొందరికి వచ్చి కొందరికి రాకపోవడంలో మూడోవంతుకు కాస్త ఎక్కువ వాటా వంశపారంపర్యానిదని అంచనా. మిగతాదాంట్లో చిన్నతనంలో తగిలిన దెబ్బలు, ఏళ్ళతరబడి ఒత్తిడి, ఒంటరితనం, ప్రసవం, దీర్ఘకాలిక జబ్బులు, మద్యం, కొన్ని మందులు ఉంటాయి. ఒకే మనిషిలో ఇవి ఏ పాళ్ళలో కలిశాయో తేల్చడం ఎవరివల్లా కాదు. "నాకేం తక్కువ, నాకెందుకీ బాధ" అని తనను తాను తిట్టుకోవడం కూడా ఈ జబ్బు లక్షణాల్లో ఒకటేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గితేనే డిప్రెషన్ వస్తుందట కదా?

అంత సులువైన లెక్క కాదు. ఆ ఊహ 1960లలో బలపడింది, చెప్పడానికి తేలిక కాబట్టి జనంలో నిలిచిపోయింది. అప్పటివరకు వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన 2022 నాటి సమీక్షలో, సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నికరమైన ఆధారం దొరకలేదు. అయితే మందులు దండగ అని దీని అర్థం కాదు. పారాసెటమాల్‌తో జ్వరం తగ్గుతుంది. ఒంట్లో పారాసెటమాల్ తగ్గి జ్వరం వచ్చిందని ఎవరూ అనరు కదా.

ఆన్‌లైన్‌లో తొమ్మిది ప్రశ్నల టెస్టు చేస్తే 14 వచ్చింది. భయపడాలా?

అది పీహెచ్‌క్యూ-9 అయి ఉంటుంది. మార్కులు 0 నుంచి 27 వరకు. 5 నుంచి 9 వస్తే స్వల్పం, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 కాస్త తీవ్రం, 20 గానీ ఆపైన గానీ అయితే తీవ్రం. 10 గానీ ఆపైన గానీ వస్తే డాక్టరుకి చూపించుకోవడం మంచిది. ఇది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు, జల్లెడ లాంటిది. తొమ్మిదో ప్రశ్న మాత్రం వేరు. చనిపోతే బాగుండునన్న ఆలోచనలను అడిగే ప్రశ్న అది. దానికి సున్నా తప్ప ఏ జవాబు ఇచ్చినా, మొత్తం మార్కులు ఎంత తక్కువైనా సరే, ఎవరితోనైనా మాట్లాడండి.

మా నాన్నగారికి 72. ఈ మధ్య మతిమరుపు, ఎవరితోనూ మాట్లాడరు. వయసు వల్లేనా?

వయసు మీద నెట్టేయకండి. పెద్దవాళ్ళలో డిప్రెషన్ అచ్చం మతిమరుపు జబ్బులా (డిమెన్షియాలా) కనిపించవచ్చు. తేడా ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది: డిప్రెషన్ ఉన్నవాళ్ళు "నాకేం గుర్తుండట్లేదు" అని తామే బాధపడతారు, మార్పు కొన్ని వారాల్లోనే వస్తుంది. డిమెన్షియాలో మార్పు నెలలూ ఏళ్ళూ తీసుకుంటుంది, మనిషి తన మరుపును కప్పిపుచ్చుకోవడానికి చూస్తాడు. రెండూ కలిసి ఉండే అవకాశమూ ఉంది. తేల్చాల్సింది డాక్టరే.

## డాక్టరు దగ్గర

సైకియాట్రిస్టు దగ్గరికా, సైకాలజిస్టు దగ్గరికా?

సైకియాట్రిస్టు వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, సాధారణంగా మందులు రాయరు. నిద్ర, తిండి పూర్తిగా చెదిరిపోయినా, చావు ఆలోచనలున్నా, ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తున్నా ముందు సైకియాట్రిస్టును కలవండి. పనులు ఈడ్చుకుంటూనైనా చేసుకోగలుగుతున్నారంటే ఎవరితో మొదలుపెట్టినా నష్టం లేదు. ఇద్దరిలో ఎవరన్నది తేలక వెళ్ళకుండా ఉండిపోయేవాళ్ళే ఎక్కువ. మీకు అలవాటైన మామూలు డాక్టరుతో మొదలుపెట్టినా చాలు.

అక్కడికెళ్ళాక నోరు పెగలదేమో. ఏం చెప్పాలి?

కాగితం మీద రాసుకెళ్ళి చేతికివ్వండి. ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, ఏ పనులు ఆగిపోయాయి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, ఇప్పుడు వాడుతున్న మందులేంటి. తాగుడు, చావు ఆలోచనలు, ఈ రెండూ దాచకండి.

మనసు బాగాలేదంటే రక్తపరీక్షలు రాశారు. ఎందుకు?

డిప్రెషన్‌ను పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు. కానీ డిప్రెషన్‌లా కనిపించే వేరే జబ్బులను రక్తపరీక్ష పట్టిస్తుంది. థైరాయిడ్ తగ్గితే మందకొడితనం, బరువు పెరగడం, దిగులు వస్తాయి. రక్తహీనత, బీ12 లోపం కూడా నిస్సత్తువను తెస్తాయి. స్టెరాయిడ్ల వంటి మందులు మనసును తలకిందులు చేయగలవు. అసలు కారణం అదైతే ముందు దాన్ని సరిచేయాలి. అనవసరపు ఖర్చని ఈ పరీక్షలు ఎగ్గొట్టకండి.

"ఎప్పుడైనా నిద్రలేకుండా విపరీతమైన హుషారుగా ఉన్నారా" అని అడిగారు. దిగులుతో వెళ్తే హుషారు సంగతి ఎందుకు?

చాలా ముఖ్యమైన ప్రశ్న అది. బైపోలార్ అనే జబ్బులో మనిషి కొంతకాలం కుంగిపోయి, కొంతకాలం అదుపులేని ఉత్సాహంలో ఉంటాడు: రెండు మూడు గంటల నిద్రే చాలు, మాటలు ఆగవు, డబ్బు లెక్కలేకుండా ఖర్చవుతుంది. కుంగిన దశలో చూస్తే అది మామూలు డిప్రెషన్‌లాగే ఉంటుంది. అలాంటివాళ్ళకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఆ ఉత్సాహపు దశ ఎగదన్నే ప్రమాదం ఉంది. వైద్యం వేరే దారిలో సాగుతుంది. పాతికేళ్ళ వయసులో ఓ నెల అలా గడిచిందనిపించినా చెప్పండి. ఇంట్లోవాళ్ళు పక్కనుంటే ఇంకా మేలు, మనకు గుర్తులేనివి వాళ్ళకు గుర్తుంటాయి.

## మందులు మొదలుపెట్టాక

మాత్రలు వేసుకోక తప్పదా?

స్వల్పంగా ఉంటే తప్పనిసరి కాదు. థెరపీ, క్రమం తప్పని వ్యాయామం, రోజువారీ పనుల్ని మళ్ళీ గాడిలో పెట్టడం ముందు చేసి చూడవచ్చు. మధ్యస్థంగా ఉంటే మందులైనా థెరపీయైనా ఇంచుమించు సమానంగానే పనిచేస్తాయి కాబట్టి మీ ఇష్టానికీ, ఏది అందుబాటులో ఉందో దానికీ విలువ ఉంటుంది. తీవ్రంగా ఉన్నప్పుడు రెండూ కలిపి చేయడం మేలు. మంచం దిగలేని మనిషికి ఆలోచనలు మార్చుకోమని చెప్తే ఎలా? నా విషయంలో మందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది, థెరపీ ఆ తర్వాతే చెవికెక్కింది.

ఇన్ని రకాల మందులున్నాయి. డాక్టరు ఏది ఎలా ఎంచుకుంటారు?

మొదట ఎక్కువగా రాసేవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు (మెదడులో సెరటోనిన్ ఎక్కువగా అందుబాటులో ఉండేలా చేసే మందులు): ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి. వెన్లాఫాక్సిన్, డ్యులాక్సెటిన్‌లది మరో తరగతి. ఒళ్ళు నొప్పులు కూడా ఉంటే డ్యులాక్సెటిన్ వైపు చూస్తారు. నిద్ర, ఆకలి బొత్తిగా లేనివాళ్ళకు మిర్టజాపిన్ రాస్తారు, ఎందుకంటే అది ఆ రెండింటినీ పెంచుతుంది. ఇమిప్రమిన్, అమిట్రిప్టిలిన్ పాతతరం మందులు. బాగా పనిచేస్తాయి గానీ సైడ్ ఎఫెక్టులు ఎక్కువ. బలంలో వీటి మధ్య తేడా తక్కువ, సైడ్ ఎఫెక్టుల్లోనే ఎక్కువ. కాబట్టి ఎంపిక మీ ఇతర జబ్బులు, ఇదివరకు ఏది పడింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ మందుల పుట్టుక కూడా విచిత్రమే. 1950ల మొదట్లో క్షయకు ఇప్రోనియాజిడ్ ఇస్తుంటే రోగులు అనుకోని ఉత్సాహంతో తిరగడం చూసి డాక్టర్లు అవాక్కయ్యారు. తొలి డిప్రెషన్ మందుల్లో ఒకటి అలా చేతికొచ్చింది.

మాత్ర మొదలుపెట్టి వారం దాటింది. ఏమీ తేడా లేదు. మానేయనా?

మానేయకండి. నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మందు పడలేదని నాతో చెప్పినవాళ్ళలో చాలామంది నిజానికి రెండో వారంలోనే ఆపేసినవాళ్ళు. తలనొప్పి మాత్రలా ఇది గంటలో పనిచేయదు. రెండు వారాలకు చిన్న చిన్న మార్పులు మొదలవుతాయి, నాలుగు వారాలకు స్పష్టంగా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అది కూడా డోసు సరిపోయినప్పుడు. చాలామందికి తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచుతారు. ఆ పెంచే అపాయింట్‌మెంటుకి వెళ్ళకుండా మొదటి డోసుతోనే ఆరు నెలలు గడిపేసి "మందు పనిచేయట్లేదు" అనేవాళ్ళను చూశాను.

ఇంకో సంగతి. మార్పు ముందు మీకు తెలియదు, పక్కవాళ్ళకు తెలుస్తుంది. సాధారణంగా ముందు నిద్ర, ఆకలి, ఓపిక కుదురుకుంటాయి, మనసు చివర్లో తేరుకుంటుంది. మా చెల్లెలు "ఇవాళ నువ్వే తలుపు తీశావు" అన్న రోజున నాకు ఇంకా అంతా చీకటిగానే ఉంది.

నాలుగు వారాలు సరిపడా డోసు వాడినా ఆవగింజంత తేడా లేకపోతే అప్పుడు డాక్టరుతో మాట్లాడండి. డోసు పెంచడమో, మందు మార్చడమో చేస్తారు.

వికారం, తలనొప్పి, కడుపులో తిప్పడం. తట్టుకోలేకపోతున్నాను. ఎన్నాళ్ళిలా?

ఇవి ఎక్కువగా మొదటి ఒకటి రెండు వారాల్లో ఉండి తగ్గిపోతాయి. తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిద్ర ముంచుకొస్తే రాత్రికి, నిద్ర చెడితే పొద్దునకు మార్చమని అడగండి. కొన్ని మాత్రం వాటంతట అవి పోవు: లైంగిక కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం, కొందరిలో బరువు పెరగడం, ఏ భావమూ తాకనట్టు మొద్దుబారడం. మొహమాటపడి చెప్పకుండా మాత్ర ఆపేయడం కంటే చెప్పేయడమే మంచిది. డాక్టరుకి ఇవి కొత్తేం కాదు, డోసు తగ్గించో మందు మార్చో దారి చూపిస్తారు. పెద్దవయసువాళ్ళలో ఒంట్లో సోడియం పడిపోయి తికమక, తూలడం రావచ్చు. అది కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మా అబ్బాయికి 19. మాత్ర మొదలుపెట్టాక ఇంకా చికాకుగా, కుదురు లేకుండా ఉన్నాడు.

వెంటనే డాక్టరుకి చెప్పండి, వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకండి. పిల్లల్లో, 24 ఏళ్ళలోపు యువతలో మొదటి వారాల్లోనూ, డోసు మార్చినప్పుడూ కొద్దిమందికి ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలో, 2007లో 24 ఏళ్ళ వరకు అందరికీ వర్తించేలా మందు వివరాల పత్రంలో గడి కట్టిన ప్రత్యేక హెచ్చరిక వేయించింది. ఈ వయసువాళ్ళకు మందు పనికిరాదని దాని అర్థం కాదు, మొదటి నెలంతా కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉండమని. మీ అంతట మీరు ఆపేయకండి, అడిగి ఆపండి.

ఈ మాత్రలకు అలవాటు పడిపోతామా?

మద్యానికో నిద్రమాత్రలకో పడినట్టు కాదు. ఇవి మత్తివ్వవు, ఇంకా ఇంకా కావాలనిపించదు. కానీ నెలలపాటు వాడాక హఠాత్తుగా ఆపితే ఒళ్ళు తిరగబడుతుంది. ఈ రెండూ ఒకటి కాదు. భయం నిద్రమాత్రల మీద ఉండాలి నిజానికి. ఆందోళన తగ్గడానికి తొలి వారాల్లో రాసే అల్ప్రజోలం, క్లోనజిపాం వంటివి అలవాటు చేస్తాయి. వాటిని చెప్పినన్ని రోజులే వాడి, చెప్పిన పద్ధతిలో ఆపాలి.

ఒక పూట మాత్ర మర్చిపోయాను. రెండు కలిపి వేసుకోనా?

వద్దు. అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే మర్చిపోయినది వదిలేయండి.

దీంతోపాటు వేరే మందులు, మూలికలు వాడొచ్చా? మద్యం?

మద్యం స్వతహాగా మనసును కుంగదీసేదే. ఈ మందులతో కలిస్తే మత్తు కూడా పెరుగుతుంది. మూలికల్లో సెయింట్ జాన్స్ వోర్ట్‌తో జాగ్రత్త. "సహజమైనది" అని అమ్ముతారు గానీ ఎస్‌ఎస్‌ఆర్‌ఐలతో కలిస్తే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు, గర్భనిరోధక మాత్రల బలాన్నీ తగ్గిస్తుంది. నొప్పులకు వాడే ట్రమడాల్‌తోనూ అదే సెరటోనిన్ ముప్పు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మీరు వాడుతున్న మందుల చీటీ చూపించండి.

ప్రసవమై నెల దాటింది. ఏడుపు ఆగట్లేదు, బిడ్డను ఎత్తుకోబుద్ధి కావట్లేదు. పాలిస్తూ మందులు వాడొచ్చా?

ప్రసవమయ్యాక కొన్నాళ్ళు ఏడుపు, చికాకు చాలామంది తల్లులకు వస్తాయి, రెండు వారాల్లోపు సర్దుకుంటాయి. నెల దాటిందంటే చూపించుకోవాల్సిందే. మీరు చెడ్డ తల్లి కాదు, మీకు జబ్బు చేసింది. పాలిచ్చేవాళ్ళకు సెర్ట్రలిన్‌ను తరచుగా ఎంచుకుంటారు, పాలలోకి చేరేది చాలా తక్కువ కాబట్టి. ప్రసవానంతర డిప్రెషన్ కోసమే 14 రోజులు వాడే జురనోలోన్ మాత్రకు 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది, అది అన్ని దేశాల్లో దొరకదు. బిడ్డకు హాని చేయమని ఏదో గొంతు చెబుతున్నట్టున్నా, వింత నమ్మకాలు కలుగుతున్నా అది అత్యవసర స్థితి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

## మాటల చికిత్స, మనం చేసుకోగలిగినవి

ఊరికే మాట్లాడితే జబ్బు తగ్గుతుందా?

ఊరికే మాట్లాడడం కాదు, దానికొక పద్ధతి ఉంది. ఎక్కువ పరిశోధన జరిగింది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) మీద. 1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు రూపొందించారు. "అతను పలకరించలేదు, అంటే నేనంటే అసహ్యం" లాంటి ఆలోచన మెరుపులా వచ్చిపోతుంది, అది నిజమో కాదో మనం తరచి చూడం. ఆ తరచి చూడడం నేర్పుతారు. మనుషులతో సంబంధాలు, వియోగాలు ప్రధానంగా ఉంటే ఇంటర్‌పర్సనల్ థెరపీ ఉంది.

నాకు బాగా పట్టుబడింది బిహేవియరల్ యాక్టివేషన్. మనసు కుదిరితే పని చేద్దామని మనం కూర్చుంటాం. ఇందులో పని ముందు, మనసు వెనక. మా థెరపిస్టు మొదటి వారం ఇచ్చిన పని, పొద్దున పదింటికి వాకిట్లో రెండు నిమిషాలు నిలబడడం. అంతే. నోటుపుస్తకంలో నిలబడక ముందు మనసెలా ఉంది, తర్వాత ఎలా ఉంది, పదికి మార్కులు. ముందు 2, తర్వాత 2. మూడో రోజు ముందు 2, తర్వాత 3. ఆ ఒక్క మార్కు చూపించి ఆవిడ ఐదు నిమిషాలకు పెంచారు.

ఎన్ని సెషన్లు వెళ్ళాలి? థెరపిస్టు నచ్చకపోతే?

సీబీటీ అయితే సాధారణంగా 12 నుంచి 20, వారానికొకటి. నాలుగైదు సెషన్లయ్యాక కూడా మాట కలవకపోతే ఆ విషయం వాళ్ళకే చెప్పండి, అప్పటికీ కుదరకపోతే మారండి. పాఠాల్లా నీతులు చెప్పేవాళ్ళు, తప్పంతా మీదేననేవాళ్ళు ఎదురైతే నాలుగైదు దాకా కూడా ఆగక్కర్లేదు.

వ్యాయామం, ధ్యానం సరిపోతాయా?

వ్యాయామానికి గట్టి ఆధారమే ఉంది. స్వల్ప, మధ్యస్థ డిప్రెషన్‌లో వేగంగా నడవడం, బరువులెత్తడం, యోగా అన్నీ ఉపకరిస్తాయి. ఒకే వేళకు నిద్రలేవడం కూడా. ధ్యానం జబ్బు తగ్గినవాళ్ళలో మళ్ళీ రాకుండా చూడడానికి ఎక్కువ పనికొస్తుంది. పూర్తిగా కుంగి ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆ ఆలోచనల్లోనే మునిగిపోయేవాళ్ళున్నారు. నేనూ అంతే.

## తగ్గనప్పుడు

రెండు మందులు మార్చారు. నాది ఇక తగ్గదా?

మొదటి మందుతోనే పూర్తిగా తేరుకునేవాళ్ళు అనుకున్నంత మంది ఉండరు. అమెరికాలో సుమారు 4,000 మందితో జరిగిన స్టార్-డీ అధ్యయనంలో వాళ్ళు దాదాపు మూడోవంతే. సరిపడా డోసులో, సరిపడా వారాలు రెండు మందులు వాడినా తగ్గకపోతే "మందులకు లొంగని డిప్రెషన్" అంటారు. పేరు భయంగా ఉంటుంది గానీ దారులు మూసుకుపోయినట్టు కాదు. ముందు చూడాల్సినవి: మాత్రలు రోజూ వేసుకుంటున్నామా, జబ్బు బైపోలారా, థైరాయిడ్ ఉందా, తాగుడుందా. ఆ తర్వాత లిథియమో, అరిపిప్రజోల్ వంటి మందో జత చేస్తారు, లేదా వేరే తరగతికి మారుస్తారు.

షాక్ ట్రీట్‌మెంట్ అన్నారు. వినగానే ఒణుకొచ్చింది.

పాత సినిమాల్లో చూసింది మనసులోంచి తీసేయండి. 1938లో రోమ్‌లో మొదలైనప్పుడు మత్తు లేకుండానే చేసేవారు, ఆ భయమే ఇప్పటికీ మిగిలింది. ఇప్పుడు పూర్తి మత్తిస్తారు, కండరాలు బిగుసుకోకుండా మందిస్తారు. కరెంటు వల్ల మెదడులో వచ్చే ఫిట్స్ లాంటి చర్య సాధారణంగా ఒక నిమిషం లోపే ఉంటుంది, మనిషికి ఏమీ తెలియదు. వారానికి రెండు మూడు చొప్పున 6 నుంచి 12 సార్లు. తిండి మానేసినవాళ్ళకు, చావు ఆలోచనలు తీవ్రంగా ఉన్నవాళ్ళకు ఇంత బలంగా, ఇంత త్వరగా పనిచేసేది మరొకటి లేదు. నష్టం జ్ఞాపకశక్తిది. చికిత్స జరిగిన రోజుల సంగతులు మసకబారతాయి, ఎక్కువమందిలో అది వారాల్లో సర్దుకుంటుంది. కొందరికి పాత జ్ఞాపకాలు కొన్ని తిరిగి రావు. సంతకం పెట్టేముందు దీని గురించి తప్పకుండా అడగండి.

టీఎంఎస్, కీటమైన్ అంటున్నారు. అవేంటి?

టీఎంఎస్‌లో తలకు ఆనించిన కాయిల్‌తో అయస్కాంత తరంగాలు పంపుతారు. మత్తు అక్కర్లేదు, మీరు మెలకువగానే ఉంటారు, వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. టకటకమని వడ్రంగిపిట్ట పొడిచినట్టు ఉంటుందని చేయించుకున్న స్నేహితురాలు చెప్పింది. తలలో లోహపు అమరికలున్నవాళ్ళకు పనికిరాదు. కీటమైన్ ఆపరేషన్లప్పుడు ఇచ్చే మత్తుమందు. దాని రూపాంతరమైన ఎస్కీటమైన్ ముక్కు స్ప్రేకు 2019లో అమెరికా అనుమతి ఇచ్చింది. గంటల్లోనో రోజుల్లోనో ఫలితం కనిపించడం దీని విశేషం. అయితే బీపీ పెరగడం, తన నుంచి తాను విడిపోయినట్టనిపించడం ఉంటాయి కాబట్టి ఆసుపత్రిలోనే వాడి కనీసం రెండు గంటలు కనిపెట్టి ఉండాలి.

## ఇంట్లోవాళ్ళ ప్రశ్నలు

మా ఆయన ఉలకరు, పలకరు. ఎంత ధైర్యం చెప్పినా వినరు. నేనేం చేయాలి?

ధైర్యం చెప్పడం కాసేపు ఆపండి. "నీకేం తక్కువ", "మనసు గట్టి చేసుకో" అన్న ప్రతిసారీ ఆయనకు వినబడేది "తప్పు నీదే" అని. పక్కన కూర్చోండి. "ఎలా ఉంది" అనేకంటే "కాస్త దూరం నడుద్దామా" అనడం తేలిక, ఎందుకంటే దానికి అవునో కాదో అంటే చాలు. అపాయింట్‌మెంటు మీరే తీసుకుని వెంట వెళ్ళండి. మగవాళ్ళలో ఇది దిగులుగా కాక కోపంగానో, తాగుడుగానో, పనిలో మునిగిపోవడంగానో బయటపడుతుంటుంది. మీ నిద్ర, మీ స్నేహాలు మాత్రం వదులుకోకండి.

"చచ్చిపోవాలనుంది" అంటోంది. గుచ్చి అడిగితే ఆ ఆలోచన ఇంకా పెరుగుతుందేమో?

పెరగదు. అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచన పుట్టదని పరిశోధనలు పదేపదే చెప్పాయి. చాలామందికి అడిగినందుకు ఊరట కలుగుతుంది. "చనిపోవాలని ఆలోచిస్తున్నావా" అని సూటిగా, నెమ్మదిగా అడగండి. ఎలా, ఎప్పుడు అని కూడా ఆలోచించి పెట్టుకుందని తెలిస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. హాని చేసుకోవడానికి వీలైనవాటిని ఇంట్లోంచి తీసేయండి, మందులు మీ దగ్గరుంచుకుని ఏ పూటకాపూట ఇవ్వండి. అలాంటి ఘడియలు తీవ్రంగా వచ్చి తగ్గుముఖం పడుతుంటాయి కాబట్టి, ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోవడమే ప్రాణం కాపాడుతుంది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే మాత్రం ఒట్టెయ్యకండి.

మందులు వేసుకోనంటున్నారు. తెలియకుండా తిండిలో కలిపి ఇవ్వొచ్చా?

వద్దు. తెలిసిన రోజున ఆ మనిషి మీ చేతి తిండినే అనుమానిస్తారు, డాక్టర్ని అసలే నమ్మరు. సైడ్ ఎఫెక్టు వస్తే ఎందుకొచ్చిందో వాళ్ళకు తెలియదు. ఎందుకు వద్దంటున్నారో అడగండి. భయమా, సిగ్గా, పడకపోవడమా? దానికి తగ్గట్టు డాక్టరుతో మాట్లాడించండి.

## తగ్గాక

ఇప్పుడు బాగానే ఉన్నాను. మాత్రలు ఆపేయొచ్చా?

బాగున్నప్పటి నుంచి లెక్క మొదలవుతుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు పూర్తిగా తేరుకున్నాక కూడా 6 నుంచి 9 నెలలు అదే డోసు కొనసాగించాలి, ముందే ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా పెరుగుతుంది. రెండు మూడుసార్లు వచ్చినవాళ్ళకు రెండేళ్ళో, ఇంకా ఎక్కువో చెప్తారు. నేను మొదటిసారి తేరుకున్న రెండో నెలలోనే ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. ఏడాది తిరగకుండా మళ్ళీ మొదటికొచ్చాను.

ఆపాక కళ్ళు తిరుగుతున్నాయి, తలలో కరెంటు కొట్టినట్టుంది. జబ్బు మళ్ళీ వచ్చిందా?

ఆపిన కొద్ది రోజుల్లోనే మొదలైతే, ఒళ్ళు కూడా తేడాగా ఉంటే, అది మందు వదిలించుకోవడంలో వచ్చే బాధ. జబ్బు తిరిగి రావడానికి సాధారణంగా వారాలూ నెలలూ పడుతుంది, అప్పుడు కరెంటు షాకులుండవు, పాత దిగులే ఉంటుంది. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వదలడం ఎక్కువ కష్టం. ఒంట్లో చాలాకాలం నిలిచే ఫ్లూఆక్సెటిన్‌తో ఈ బాధ తక్కువ. డోసును వారాలమీద, అవసరమైతే నెలలమీద కొంచెం కొంచెంగా తగ్గించాలి. చివరి కొసరు తగ్గించడమే అన్నిటికంటే నెమ్మదిగా జరగాలి.

మళ్ళీ వస్తుందా?

ఒకసారి వచ్చినవాళ్ళలో దాదాపు సగంమందికి జీవితంలో మరోసారి వస్తుంది. వచ్చిన కొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. కానీ రెండోసారి మీరు కొత్తవాళ్ళు కాదు: ఏ మందు పడిందో, ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు. ప్రతి మనిషికీ జబ్బు తొంగిచూసే కిటికీ ఒకటుంటుంది. ఒకరికి తెల్లవారుజాము మెలకువ, ఒకరికి ఫోన్లు ఎత్తకపోవడం. దాన్ని కనిపెట్టి ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. నాకు అది స్నానం. వరుసగా రెండు రోజులు రేపు చేద్దాంలే అనిపిస్తే మూడో రోజు పొద్దున్నే మా చెల్లెలికి ఫోన్ చేస్తాను. తను ఏమీ అడగదు, "డాక్టరు అపాయింట్‌మెంటు పొద్దునా, సాయంత్రమా" అంటుంది.